కంట్లో పువ్వు, ఒక చక్కెర గొలుసు

మా దిక్కు నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వస్తే "కంట్లో పువ్వు పడ్డది" అంటారు. ఇంత దయలేని జబ్బుకి అంత ముద్దుపేరు ఎలా కుదిరిందో! హుజూరాబాద్‌లో మా చిన్నతనంలో వాడకట్టుకి ఒకరిద్దరు పువ్వు పడ్డ కంటివాళ్లు ఉండేవాళ్లు. ఎందుకు పడ్డదని అడిగితే ఒకరు వరి ఆకు కొట్టుకుందనేవారు, ఇంకొకరు పసరు పోయించుకుంటే ఇట్లయిందనేవారు, బాగా ముసలివాళ్లయితే అమ్మవారు పోసినప్పుడు పోయిందనేవారు.

నాకు మాత్రం ఆ ప్రశ్నని తిరగేసి అడగాలనిపిస్తుంది. పువ్వు ఎందుకు పడ్డది అని కాదు, పువ్వు పడని కన్ను అద్దంలా ఎందుకుంది అని. ఒంట్లో ఇంకెక్కడైనా చూడండి. చర్మం గానీ, కండ గానీ, ఎముక గానీ ఏదీ ఇవతలి నుంచి అవతలికి కనపడదు. కంటి ముందున్న ఆ అర మిల్లీమీటరు పొర ఒక్కదానికే ఆ యోగం ఎలా పట్టింది? జవాబు వెతుక్కుంటూ పోతే అది నన్ను ఒక చక్కెర గొలుసు దగ్గరికి తీసుకుపోయింది. ఆ గొలుసు వెంట పడితే జపాన్, న్యూయార్క్ తిరిగి చివరికి మన హైదరాబాద్‌లోనే తేలాను. ఆ కథే ఇది. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. పదో తరగతి కాగానే జీవశాస్త్రానికి దండం పెట్టి ఎంపీసీలో చేరిన బాపతు ఇంజనీర్ని. కాబట్టి దీన్ని చరిత్రగా చదవండి, మందు చీటీగా కాదు.

కార్నియా అంటే కంటిపాప ముందు గడియారం అద్దంలా అమరి ఉండే పొర. నడిమధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. మనం అంతా లోపలి లెన్సు పనే అనుకుంటాం గానీ, కంట్లోకి వచ్చే వెలుగును వంచే పనిలో మూడింట రెండు వంతులు ఈ కార్నియాదే. దీనిలో తొంభై శాతం స్ట్రోమా అనే భాగం. ఆ స్ట్రోమా దేనితో అయిందయ్యా అంటే కొల్లాజెన్ పోగులతో. పక్కనున్న తెల్లగుడ్డు కూడా కొల్లాజెన్ పోగులే! ఒకే నూలుతో నేసిన రెండు బట్టల్లో ఒకటి గాజులా, ఇంకొకటి సున్నం కొట్టిన గోడలా ఉందంటే తేడా నూలులో లేదు, నేతలో ఉందన్నమాట.

1957లో లండన్‌లో డేవిడ్ మారిస్ అనే శాస్త్రవేత్త ఈ నేత లెక్క చెప్పాడు. కార్నియాలో పోగులన్నీ ఇంచుమించు ఒకే లావు, సుమారు 30 నానోమీటర్లు. (మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు.) పోగుకీ పోగుకీ మధ్య దూరం కూడా దాదాపు ఒకటే, కేంద్రం నుంచి కేంద్రానికి 60 నానోమీటర్ల దరిదాపుల్లో. మన కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవేమో 400 నుంచి 700 నానోమీటర్లు. ప్రతి పోగూ వెలుగును కొద్దిగా చెదరగొడుతుంది. కానీ పోగులు క్రమంగా ఉండటం వల్ల పక్కలకి చెదిరిన వెలుగు తనలో తానే రద్దయిపోతుంది, ముందుకు పోయేది మాత్రం మిగులుతుంది. తెల్లగుడ్డులో లావు పోగూ సన్న పోగూ కలగాపులగంగా ఉంటాయి, అందుకే అక్కడ వెలుగు అన్ని దిక్కులకీ చెదిరి తెల్లగా కనిపిస్తుంది. పోగులు స్ఫటికంలో అణువుల్లా పేర్చి ఉండాలని మారిస్ అన్నాడు. అంత కచ్చితం అక్కర్లేదు, ఇరుగుపొరుగు పోగుల మధ్య దూరం చెడకపోతే చాలని తర్వాతివాళ్లు సవరించారు. అసలు సంగతి మాత్రం అలాగే నిలబడింది: దూరం చెడితే చూపు చెడుతుంది.

మరి ఆ దూరాన్ని కాపలా కాసేదెవరు? ఈ ప్రశ్నకి జవాబులో సగం మారిస్ కంటే ముందే, పశువుల కళ్లలో దొరికింది. 1939లో సుజుకి అనే జపాన్ శాస్త్రవేత్త పశువుల కార్నియా నుంచి గంధకం ఉన్న ఒక చక్కెర పదార్థాన్ని వేరుచేసి ప్రచురించాడు. అంతలో యుద్ధం వచ్చిపడింది. ఆ దారం మళ్లీ అందుకున్నవాడు కార్ల్ మేయర్. జర్మనీలో పుట్టి, హిట్లర్ వచ్చాక అమెరికాలోనే ఉండిపోయి, న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కంటి విభాగంలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త. 1934లో జాన్ పామర్‌తో కలిసి పశువుల కంటి లోపలి జిగురు నుంచి హయలురోనిక్ ఆమ్లాన్ని కనుక్కున్నది ఈయనే. (ఇవాళ ముఖానికి రాసుకునే క్రీముల మీద కనిపించే పేరు అదే. అది మొదట దొరికింది కంట్లోనని ఎంతమంది చెప్పగలరు?) 1953లో మేయర్ బృందం కార్నియా చక్కెరను శుద్ధిచేసి, దేనిదేని కలయికో తేల్చి, దానికి 'కెరటోసల్ఫేట్' అని పేరు పెట్టింది. ఇప్పుడు మనం కెరటాన్ సల్ఫేట్ అంటున్నది దాన్నే.

1953 అనగానే మీకు ఇంకోటి గుర్తు రావాలి. వాట్సన్, క్రిక్‌లు డీఎన్‌ఏ మెలిక నిచ్చెన బొమ్మ ప్రకటించిన సంవత్సరం అదే. ఆ నిచ్చెన బొమ్మ పాఠ్యపుస్తకాలకెక్కింది, సినిమాలకెక్కింది, సబ్బుల ప్రకటనలకి కూడా ఎక్కింది. అదే ఏడు పుట్టిన కెరటోసల్ఫేట్ పేరు మాత్రం కంటి పత్రికల్లోనే ఉండిపోయింది. ఇది అన్యాయం అని నేననను. డీఎన్‌ఏ అంత పెద్దదే. కానీ జీవం అంటే డీఎన్‌ఏలో రాసిందే అని మా తరం గట్టిగా నమ్మేసింది చూశారూ, అక్కడే నాకు పేచీ. ముఖ్యంగా మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఆ పోలిక మరీ ముద్దు. డీఎన్‌ఏ సోర్సు కోడు, ప్రొటీను నడిచే ప్రోగ్రాము, అంతే, అయిపోయింది!

చక్కెర గొలుసు దగ్గర ఆ పోలిక బెడిసికొడుతుంది. ప్రొటీనులో ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలో డీఎన్‌ఏలో వరుసగా రాసి ఉంటుంది. చక్కెర గొలుసుకి అలాంటి రాత ఎక్కడా లేదు. కణంలో గాల్జీ అనే కార్ఖానాలో ఎంజైములు బారులు తీరి ఉంటాయి, ఒక్కోటి తన వంతు ముక్క అతికించి ముందుకు పంపిస్తుంది. డీఎన్‌ఏలో ఉండేది ఆ పనివాళ్ల వివరాలే, తయారయ్యే సరుకు నమూనా కాదు. మన బతుకమ్మని గుర్తు తెచ్చుకోండి. ఎవరింట్లోనూ దానికి గీసిపెట్టిన పటం ఉండదు. ఒకరు తంగేడు వరుస పెడతారు, ఇంకొకరు గునుగు పూలకి రంగులద్ది ఇస్తారు, ఆ పూట దొరికిన పూలని బట్టీ, కూర్చున్న చేతుల్ని బట్టీ బతుకమ్మ లేస్తుంది. చూడగానే బతుకమ్మే అని తెలుస్తుంది, కానీ ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. కెరటాన్ సల్ఫేట్ కూడా అంతే. ఒకే కార్నియాలో ఒక గొలుసు పొట్టి, ఇంకొకటి పొడుగు, ఒకదాని మీద గంధకం ఎక్కువ, ఇంకొకదాని మీద తక్కువ. అందుకే దీని నిర్మాణం తేల్చడానికి రసాయన శాస్త్రవేత్తలకి దశాబ్దాలు పట్టింది.

తేలిందేమిటో చూద్దాం. ఈ గొలుసులో రెండు చక్కెరలు ఒకదాని తర్వాత ఒకటి జంటగా వస్తాయి. ఒకటి గెలాక్టోజ్ (పాలలోని లాక్టోజ్‌లో ఉండేదే), రెండోది ఎన్-ఎసిటైల్ గ్లూకోసమీన్. ఈ జంట పదుల సార్లు పునరావృతం అవుతుంది. ఈ చక్కెరల్లో ఆరో నంబరు కర్బనం మీద సల్ఫేట్, అంటే గంధకం ఆక్సిజన్‌ల గుంపు, తగిలించి ఉంటుంది. గొలుసు మొదటి కొస ఒక ప్రొటీనుకి అతుక్కుని ఉంటుంది. ఆ కొస దగ్గర జంటలకి సల్ఫేట్ ఉండదు, నడుమ జంటకి ఒకటి చొప్పున, చివరి కొసకి పోయేసరికి జంటకి రెండేసి. 1987లో జర్మనీలో ఓబెన్, గ్రైలింగ్ బృందం పంది కార్నియాల మీద పనిచేసి ఈ మూడు భాగాల అమరికను చూపించింది. గొలుసును మోసే ప్రొటీన్లకి ల్యుమికన్, కెరటోకాన్, మిమెకాన్ అని పేర్లు. అవి పోగుల మీద కూర్చుంటాయి, గొలుసులు పోగుల మధ్య ఖాళీలోకి చాచుకుని ఉంటాయి.

ఇహ సల్ఫేట్ పనేంటి? దానికి రుణావేశం ఉంటుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, చుట్టూ నీటిని పట్టుకుంటాయి. అలా పోగులు మరీ దగ్గరికి రాకుండా ఈ గొలుసులు ఆపుతాయి. మరీ నీరు ఎక్కువై ఉబ్బకుండా కార్నియా లోపలి వైపున్న కణాల పొర రాత్రీపగలూ మోటారులా నీటిని తోడేస్తుంటుంది. ఈ రెండింటి తూకమే చూపు. 1998లో శుక్తి చక్రవర్తి బృందం ల్యుమికన్ జన్యువు లేని ఎలుకలను తయారుచేస్తే వాటి కార్నియాలు మసకబారాయి, పోగులు లావెక్కి వరుస తప్పాయి. మారిస్ కాగితం మీద వేసిన లెక్క ఎలుక కంట్లో రుజువైందన్నమాట.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. కెరటాన్ సల్ఫేట్ ఆవులాంటి మందమైన కార్నియాల్లో ఎక్కువ, ఎలుకలాంటి పల్చని కార్నియాల్లో తక్కువ. ఎందుకని? మాంచెస్టర్‌లో జాన్ స్కాట్ 1988లో ఒక వివరణ ఇచ్చాడు. ఇలాంటి మిగతా గొలుసుల్లో గ్లూకురోనిక్ ఆమ్లం అనే ముక్క ఉంటుంది. అది తయారవ్వాలంటే గ్లూకోజ్ ఆక్సీకరణం చెందాలి. కార్నియాలో రక్తనాళాలు లేవు, మందం పెరిగే కొద్దీ లోపలికి ప్రాణవాయువు సరిగ్గా అందదు. గెలాక్టోజ్‌కి ఆ బెడద లేదు. కాబట్టి ఊపిరాడని చోట ప్రకృతి ఆ ముక్కని పక్కనపెట్టి గెలాక్టోజ్‌తో గొలుసు అల్లుకుందని ఆయన వాదన. వనరులు లేని చోట ఉన్నదానితో పని నడిపించడం అంటే ఇదే కదా.

ఇంతవరకూ ఇది రసాయనం. ఇక్కడి నుంచి మనుషుల కథ. 1890లో అర్థర్ గ్రోనౌ అనే జర్మన్ కంటి డాక్టరు కార్నియాలో మచ్చలు మచ్చలుగా మసక వచ్చే జబ్బుని వర్ణించాడు. తర్వాత దాన్ని రెండు జబ్బులుగా విడదీశారు. వాటిలో ఒకటి మాక్యులర్ కార్నియల్ డిస్ట్రఫీ. పుట్టినప్పుడు కన్ను బాగానే ఉంటుంది. బడికి పోయే వయసులోనో, పదిహేను ఇరవై ఏళ్లకో రెండు కళ్లలో మసక మొదలవుతుంది. వెలుతురు చూడలేరు. ముప్ఫై, నలభై ఏళ్లు వచ్చేసరికి చాలామందికి పని చేసుకోలేనంతగా చూపు పోతుంది. దెబ్బ తగలలేదు, పసరు పోయలేదు, పువ్వు మాత్రం పడ్డది.

1964లో అమెరికాలో గోర్డన్ క్లింట్‌వర్త్, వోగెల్ ఈ మసక ఆమ్ల గుణమున్న చక్కెర పదార్థాలు కణాల్లో పేరుకుపోవడం వల్ల అని గుర్తించారు. 1980లో జాన్ హాసెల్ బృందం కీలకమైన పని చేసింది. మార్పిడి ఆపరేషన్లో రోగుల నుంచి తీసేసిన కార్నియాలను పారేయకుండా పోషక ద్రవంలో బతికించి, అవి ఏమేం తయారుచేస్తున్నాయో చూశారు. మామూలు కార్నియా చేసే కెరటాన్ సల్ఫేట్‌ని ఇవి చెయ్యట్లేదు! 1984లో ఇంకొంచెం స్పష్టమైంది. గొలుసు అల్లిక జరుగుతోంది, దాని మీద సల్ఫేట్ తగలట్లేదు. 1986లో ఈ రోగుల రక్తం పరీక్షిస్తే అక్కడా మామూలు కెరటాన్ సల్ఫేట్ లేదు. అంటే లోపం కంట్లో ఒక్కచోటే కాదు, ఒళ్లంతా ఉంది. కానీ దాని శిక్ష పడింది మాత్రం కంటికి. మోకాళ్లు నడుస్తూనే ఉన్నాయి, చూపు ఒక్కటే ఆగిపోయింది.

2000 సంవత్సరంలో అమెరికాలోని బర్న్‌హామ్ ఇన్‌స్టిట్యూట్‌లో టోమోయా అకామా, మిచికో ఫుకుదా బృందం ఆ సల్ఫేట్ తగిలించాల్సిన ఎంజైము జన్యువుని పట్టుకుంది. పేరు సీహెచ్‌ఎస్‌టీ6, పదహారో క్రోమోజోము మీద ఉంటుంది. బతుకమ్మ పేర్చే చేతుల్లో ఒక జత చేతులు కూర్చోలేదు. తంగేడు ఉంది, గునుగు ఉంది, ఒక్క వరుస మాత్రం పడలేదు. గ్రోనౌ నుంచి అకామా దాకా నూట పదేళ్లు!

ఇప్పుడు హైదరాబాద్ వద్దాం. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిని మొదలుపెట్టారు. ఆయన అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన కార్నియా వైద్యుడు. సినిమా నిర్మాత దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన విరాళంతో ఆ పేరు వచ్చింది. 1989లో రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంక్ వచ్చింది. నాకు నచ్చేదేమిటంటే ఆపరేషన్లతో సరిపెట్టుకోకుండా ప్రయోగశాల కూడా పెట్టుకున్నారు. సీసీఎంబీ డైరెక్టరుగా చేసిన డి. బాలసుబ్రమణియన్ అక్కడి పరిశోధన బాధ్యత తీసుకున్నారు. 2003లో సుల్తానా, శ్రీధర్, చిత్రా కన్నబిరాన్, బాలసుబ్రమణియన్ తదితరులు మన దేశపు రోగుల్లో సీహెచ్‌ఎస్‌టీ6 లోపాల మీద వ్యాసం ప్రచురించారు. రచయితల జాబితాలో చివరి పేరు ఎవరిదనుకున్నారు? 1964లో ఆ చక్కెరని గుర్తించిన క్లింట్‌వర్త్‌దే! 2005లో అదే బృందం ఇంకో వ్యాసం వేసింది.

వాటి సారాంశం ఒక్క ముక్కలో: మన దగ్గర ఈ జబ్బుకి ఒక్క తప్పు కాదు, బోల్డన్ని తప్పులు. ఐస్‌లాండ్‌తో పోల్చి చూడండి. చిన్న దీవి, కొద్దిమంది పూర్వీకులు. అక్కడ జరిగిన కార్నియా మార్పిడుల్లో ఒకప్పుడు దాదాపు మూడో వంతు ఈ ఒక్క జబ్బుకే. అక్కడ రోగుల్లో ఏవో కొన్ని మార్పులే పదేపదే కనిపిస్తాయి. మన దగ్గర కుటుంబానికో రకం. నాకు అర్థమైనంతలో మనది ఒక దేశం కాదు, పక్కపక్కనే ఉన్న వందల దీవులు. కులం దాటం, కులంలో శాఖ దాటం, వీలైతే ఇల్లు కూడా దాటం. ఒక్కో దీవిలో ఎప్పుడో ఒక పూర్వీకుడికి వచ్చిన తప్పు ఆ దీవిలోనే తిరుగుతూ ఉంటుంది.

ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా చెడిన జన్యువే రావాలి. ఒకటి బాగుంటే చాలు, కన్ను అద్దంలా ఉంటుంది. తల్లిదండ్రులిద్దరిలో చెరో చెడు ప్రతి దాగి ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మా ఇంజనీర్ల అలవాటు కొద్దీ చిన్న లెక్క వేసి చూద్దాం (సంఖ్య లెక్క కోసం అనుకున్నది). జనంలో ఆ జన్యువు ప్రతులు 500కి ఒకటి చెడిందనుకోండి. సంబంధం లేనివాళ్లు పెళ్లి చేసుకుంటే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం రెండున్నర లక్షల్లో ఒకటి. బావామరదళ్లయితే సుమారు 7,800లో ఒకటి. మేనమామ మేనకోడళ్లయితే సుమారు 3,900లో ఒకటి. అంటే ముప్ఫై రెట్లు, అరవై రెట్లు పైన. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో జబ్బు వస్తుందని కాదు, లెక్కే చెప్తోంది, వేలల్లో ఒకరికే. కానీ అలాంటి జబ్బులు ఇదొక్కటే కాదు కదా. నేను ఎవరి పెళ్లిళ్లనీ తప్పుపట్టట్లేదు. "మా అత్తకి చిన్నప్పుడే చూపు పోయింది, అది ఆమె కర్మ" అని ఊరుకుని ఆ ఇంట్లోనే పిల్లనిచ్చే ముందు ఒక కంటి డాక్టర్ని అడగండి అంటున్నా. కర్మకి చిరునామా దొరికింది, పదహారో క్రోమోజోము.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మా ఊరి పువ్వుల్లో ఎక్కువ భాగం ఈ జన్యువు వల్ల పడ్డవి కావు. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ సంస్థ హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మంది కళ్లు పరీక్షించింది. వాళ్లలో కనీసం ఒక కంటికి కార్నియా వల్ల చూపు పోయినవాళ్లు 0.66 శాతం. కారణాల్లో మొదటిది చిన్నతనంలో వచ్చిన కార్నియా పుండ్లు, తర్వాత దెబ్బలు, ఆపైన పెద్దయ్యాక వచ్చిన పుండ్లు. దాదాపు 95 శాతం తప్పించగలిగినవే అని తేల్చారు. హుజూరాబాద్, జమ్మికుంట దిక్కు ఆడ-మగ వరి విత్తనం పండిస్తారు. మిట్టమధ్యాహ్నం చేనులో దిగి తాడు లాగి పుప్పొడి రాల్చాలి. వరి ఆకు అంచు కంటిని గీరితే ఆ గీతలోంచి బూజు జాతి క్రిములు లోపలికి పోతాయి. పసరు పోసుకుని నాలుగు రోజులు ఆగితే ఇక అంతే.

అయితే ఆ పువ్వుకి కూడా మన గొలుసుతో చుట్టరికం ఉంది. గాయం మానేటప్పుడు కార్నియా కణాలు హడావుడిగా గోడ కడతాయి. ఆ మచ్చలో పోగులు లావు, వరుస లేదు, గొలుసులు కూడా వేరే రకం, కెరటాన్ సల్ఫేట్ తక్కువ. 1983లో హాసెల్, సింట్రాన్ బృందం కుందేళ్లలో చూపించిందేమిటంటే, కాలం గడిచి మచ్చ కొద్దికొద్దిగా తేటపడే కొద్దీ గొలుసులు కూడా మామూలు స్థితి వైపు తిరిగొస్తాయి. జన్యువు చెడినా, వరి ఆకు గీరినా, చివరికి చూపు ఆగేది ఒకే చోట అన్నమాట.

మచ్చ కణాలతో మళ్లీ సరైన గొలుసు అల్లించగలమా అన్నదే ఇప్పటి ప్రయత్నం. జీవితమంతా కెరటాన్ సల్ఫేట్ మీద పనిచేసిన జేమ్స్ ఫండర్‌బర్గ్ అనే పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్త, హైదరాబాద్‌లోని డాక్టర్ సయన్ బసు కలిసి 2014లో ఒక వ్యాసం ప్రచురించారు. మనిషి కార్నియా అంచు నుంచి తీసిన మూలకణాలను ఎలుకల కార్నియా గాయం మీద పెడితే మచ్చ పడకుండా ఆగింది. 2022లో ఎల్.వి. ప్రసాద్, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటర్‌తో కార్నియా అచ్చువేసి కుందేలు కంట్లో అమర్చాయి. సిరా ఏమిటంటే, కణాలు తీసేసిన మనిషి కార్నియా పదార్థమే. ఆ పోగుల్నీ గొలుసుల్నీ కృత్రిమంగా తయారుచేసే కంటే ఉన్నవాటిని వాడుకోవడమే తెలివి అని నాకు తోచింది.

కానీ ఇవాళ్టి రోజున చూపు తెప్పించే దారి మాత్రం ఇంకా పాతదే. 1905 డిసెంబర్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు సున్నం పడి చూపు పోయిన ఒక కూలీకి వేరొకరి కార్నియా అమర్చి నిలబెట్టాడు. ఇప్పటికీ అదే పని, సూది దారం మారాయి అంతే. మాక్యులర్ డిస్ట్రఫీ వాళ్లకి ఈ మార్పిడి అంటే కొత్త అద్దమే కాదు, సల్ఫేట్ తగిలించే చేతులున్న కొత్త కణాలు కూడా. కొందరిలో ఏళ్లు గడిచాక వాళ్ల సొంత కణాలు కొత్త కార్నియాలోకి పాకి మసక మళ్లీ మొదలవుతుంది. అయినా అప్పటికి ఎన్నో ఏళ్లు చూసి ఉంటారు. ఎల్.వి. ప్రసాద్ సంస్థ 50,000 కార్నియా మార్పిడులు పూర్తిచేసినట్టు 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ప్రతిదాని వెనకా పోయిన మనిషి ఒకరు, సరేనన్న కుటుంబం ఒకటి.

ఇంకో విశేషం. చనిపోయినవారి నుంచి తీసిన కార్నియాను మామూలు ద్రవంలో వేస్తే ఉబ్బిపోతుంది. అందుకే 1974లో మెకారీ, కాఫ్‌మన్‌లు ఒక ద్రవం తయారుచేశారు. ఉబ్బకుండా ఆపడానికి అందులో కలిపింది డెక్‌స్ట్రాన్, అంటే మరో చక్కెర గొలుసు! దానిలో నాలుగు రోజుల దాకా కార్నియా పనికొస్తుంది. తర్వాత వచ్చిన ద్రవాల్లో కాండ్రాయిటిన్ సల్ఫేట్, అంటే మన కథానాయికకి వరసకి చెల్లెలు, కూడా చేరి ఆ గడువు రెండు వారాల దాకా పెరిగింది. ఒక చక్కెర గొలుసు నిలిపిన చూపు, ఇంకో చక్కెర గొలుసు ఒళ్లో కూర్చుని ప్రయాణం చేస్తుందన్నమాట.

ఆ ప్రయాణం మొదలయ్యేది మాత్రం ఇంటి వాకిట్లోనే. మనిషి పోయిన ఆరు గంటల లోపు కబురు చేయాలి, తీయడానికి పట్టేది ఇరవై నిమిషాల లోపే. ముఖం వికారం అవదు. కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగరున్నా ఇవ్వొచ్చు. హనుమకొండ జిల్లా ముచ్చర్లలో ఊరి జనం నేత్రదానాన్ని ఆనవాయితీగా చేసుకున్నారని పత్రికల్లో చదువుతున్నాం. వరంగల్ రోడ్డున పోతే అది మాకు ఎంతో దూరం కాదు. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో 1996 నుంచే ఎల్.వి. ప్రసాద్ వాళ్ల పల్లె కంటి ఆస్పత్రి ఉంది. అంటే ఉత్తర తెలంగాణకి ఇది కొత్త సంగతేం కాదు.

నా మటుకు నాకు ఈ చరిత్ర చెప్పేది ఇంతే. ఒక సల్ఫేట్ ముక్క ఎక్కడ తప్పిపోయిందో కనుక్కోడానికి నూట పదేళ్లు పట్టింది, ఆ పనిలో మూడు ఖండాల వాళ్లూ మన హైదరాబాద్ వాళ్లూ చెయ్యి వేశారు. ఆ ముక్కని తగిలించే మందు ఇంకా లేదు. అది వచ్చేదాకా ఆ పని చేయగల చేతులు పోయినవాళ్ల కళ్లలోనే ఉన్నాయి. మనం వాటిని కాల్చేస్తున్నాం, పూడ్చేస్తున్నాం. శాస్త్రవేత్తల వంతు నూట పదేళ్లు. మన వంతు ఆరు గంటలు.